పై ఉంది, అడుగేదీ?

పది రోజులైంది. ఇంకా మింగుడుపడటం లేదు. తిన్నది ఎప్పుడో అరిగిపోయింది లెండి, మింగుడుపడనిది వాళ్లు చేసిన పని.

లండన్ నడిబొడ్డున, తల వంచి దూరాల్సిన గుమ్మమూ నల్లబడ్డ చెక్క గోడలూ ఉన్న పబ్బుకు మావాడు తీసుకెళ్లాడు. 1666లో ఊరు తగలబడితే మరుసటి ఏడే మళ్లీ కట్టుకున్న ఓల్డ్ చెషైర్ చీజ్ లాంటి పబ్బులున్న ఊరది. మేం వెళ్లింది దానికి కాదు. వెళ్లినదాని పేరు ఎందుకు చెప్పనో మీకే తెలుస్తుంది.

మెనూలో మొదటిది స్టేక్ అండ్ కిడ్నీ పై. నా వయసు వాళ్లకు కిడ్నీ అనే మాట ల్యాబు రిపోర్టులో చూడటమే అలవాటు. చికెన్, పుట్టగొడుగుల పై చెప్పాం. ధర రూపాయల్లోకి మార్చనని మావాడికి రైల్లోనే మాటిచ్చాను. మనసులో మార్చుకున్నాను.

వచ్చింది. లోతైన పింగాణీ గిన్నెలో కోడికూర, దాని నెత్తిన ఉబ్బిన పిండి మూత. అంతే! కింద పిండి లేదు, పక్కల పిండి లేదు. కూరకు టోపీ పెట్టి పంపారు. మేం గరిజెలంటాం, కోస్తావాళ్లు కజ్జికాయలంటారు. పేరేదైనా లోపలిది బయటికి కనపడకూడదన్నది రాష్ట్రాలు విడిపోయినా చెడని ఒప్పందం. కొబ్బరీ బెల్లమూ గిన్నెలో పోసి, మీద ఒక పూరీ బోర్లించి, "ఇదుగో గరిజె" అని మా ఆవిడ అంటే పండక్కొచ్చిన అల్లుడు ఊరుకుంటాడా? పై అంటే పైది మాత్రమే అని వీళ్లకు తెలుగు ఎవరో నేర్పి ఉంటారని నా అనుమానం.

"ఇక్కడా దీనిమీద గొడవలున్నాయి నాన్నా. అన్ని వైపులా పిండి ఉంటేనే పై అని పట్టుబట్టేవాళ్లున్నారు" అన్నాడు మావాడు. చుట్టూ చూశాను. పట్టుబట్టినవాళ్లెవరూ కనపడలేదు. అందరూ మూతలు తింటున్నారు.

అసలు తిండికన్నా ముందు తాగుడు సంగతి చెప్పాలి. బల్ల దగ్గరికొచ్చి ఏం కావాలని ఎవరూ అడగరు, మనమే కౌంటరుకెళ్లాలి. అక్కడ లైను ఉండదు. ఉండదు గానీ ఉంటుంది. గ్యాసు బండ కోసం లైన్లో సంచీ పెట్టి, ఇంటికెళ్లి అన్నం తినొచ్చిన జాతి మనది. అక్కడ సంచీ పెడదామంటే లైనే కనపడదు. అయినా ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. నోటు పట్టుకుని చెయ్యి ఊపాను. మావాడు ఆ చెయ్యి మెల్లిగా కిందికి దించాడు, చిన్నప్పుడు పెళ్లి బంతిలో వాడి చెయ్యి నేను దించినట్టు.

కౌంటరు వెనక ఒకమ్మాయి పొడుగాటి పిడి పట్టుకుని కిందికి లాగుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. బోరింగు! మా ఊళ్లో రచ్చబండ పక్కన ఉండేది. పొద్దున్నే కొడితే మొదట గాలి వచ్చేది, తర్వాత దగ్గేది, తర్వాత తుప్పు కక్కేది. నీళ్లు పడే వేళకు బిందెల మధ్య యుద్ధం మొదలయ్యేది. ఆ పిడికి వేలాడి పైకి లేవడమే మాకు జెయింట్ వీలు. వాషరు పోతే సర్పంచి ఎన్నికలొచ్చేదాకా కొత్తది పడేది కాదు. గెలిచినాయన ఊరేగింపు ముందు బోరింగు దగ్గర ఆగి, నాలుగు కొట్లు కొట్టి, నీళ్లు చూపించి, తర్వాత గుడికెళ్లాడు.

ఈ బోరింగు దగ్గలేదు. కింది గదిలోని పీపాలోంచి ఏల్ అనే బీర్‌ని గ్యాసు సాయం లేకుండా చేత్తోనే లాగింది. 568 మిల్లీలీటర్ల పైంటు గ్లాసు నిండింది. ఇలాంటి ఏల్ మాయమైపోతోందని 1971లో నలుగురు కుర్రాళ్లు ఏకంగా ఉద్యమమే లేవదీశారట. మా బోరింగుకు ఒక్కడూ దొరకలేదు.

తాగి చూస్తే చల్లదనం అంతంతమాత్రం.

"ఫ్రిజ్జు పాడైందేమో అడగరా."

"ఇది ఇలాగే ఉండాలి నాన్నా, 12 డిగ్రీలు. పీపాలో ఈస్టు ఇంకా బతికే ఉంటుంది. పీపా తెరిచాక మూడు నాలుగు రోజుల్లో అమ్మేయాలి, లేకపోతే పులిసిపోతుంది."

"అంటే కల్లే కదరా!"

వాడు నవ్వలేదు. "తాతయ్య తాగేవాడటగా?" అన్నాడు.

తాగేవాడు. సాయంత్రం తాటివనంలో గౌడన్న లొట్టి వంచితే ఆకు డొప్పలో పట్టుకునేవాడు. నేను బడినుంచి ఆ దారినే వచ్చేవాణ్ని. నన్ను చూసి ఆయన చెట్టు చాటుకు జరిగేవాడు. చూడనట్టు నేను తల దించుకునేవాణ్ని. ఉద్యోగమొచ్చి, పెళ్లయి, వీడు పుట్టాక కూడా ఆ మర్యాద అలాగే సాగింది. ఒక్క సాయంత్రం ఆగి, "పులిసిందా నాయినా?" అని అడిగితే ఏం పోయేది?

"ఇంకోటి చెప్పనా నాన్నా?"

"సగం చాలు. నేనే తెస్తా ఉండు."

కౌంటరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. పక్కనున్న ముసలాయన, నాకన్నా పెద్దాయన, ముందు నేనే వచ్చానని ఆ అమ్మాయికి వేలితో చూపించాడు. నేను వచ్చింది ఆయన లెక్కపెట్టుకున్నాడు!

సగం గ్లాసుతో తిరిగొచ్చేసరికి మావాడు నా గిన్నె మీది మూత కూడా తినేశాడు.