నోరు తిరిగినవారు

ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు విప్పగానే ఉచ్చారణ క్లాసు మొదలు. ‘క్వినోవా కాదండీ, కీన్వా!’ అని పక్కవాళ్లకు నోరు తిప్పించందే ముద్ద దిగనివ్వరు కొందరు. నిజమే, ఆండీస్ కొండల పంట. 2013ను ఐక్యరాజ్యసమితి దాని పేరిటే జరిపింది. ఆమాత్రం మర్యాద ఉండాల్సిందే. 2023ను చిరుధాన్యాలకూ ఇచ్చింది మరి! అయినా ఎదుటివారు కొర్రన్నంలో గోంగూర పప్పు కలిపి ‘కాస్త రుచి చూడండి’ అనగానే, ఆ నోరే ‘ఓహ్, ఫాక్స్‌టెయిల్ మిల్లెట్!’ అంటుంది. కొర్రలంటే కూలి తిండి, ఇంగ్లిషులో అంటే డైటు. కిలో రేటూ పలుకుబడిని బట్టే! పెరూ రైతు పంటను తప్పు పలికితే పరువు తక్కువట; అనంతపురం రైతు పంటను సరిగ్గా పలికితే ఇంకా తక్కువట!