కనిపించని క్లిప్పు, కనిపించే కిస్తు

పండ్లు వంకరగా ఉండటం నిజామాబాద్ జిల్లా మెండోరలో మొన్నటిదాకా జబ్బు కాదు. ఎత్తుపండ్లవాళ్లు సర్పంచులయ్యారు, సందుపండ్లవాళ్లు దుబాయ్ పోయి డాబాలు కట్టారు. ఇప్పుడు ఫోన్లో ఒక పిల్ల తళతళా నవ్వి "తీగల్లేవు, నొప్పి లేదు, ఆరు నెలల్లో కొత్త నవ్వు" అనేసరికి నలభై దాటిన మగవాళ్లు సెల్ఫీ తీసుకుని, చిగుళ్ల దాకా జూమ్ చేసి దిగులుపడుతున్నారు.

అందులో మా బావ మొదటివాడు. పోచంపాడు ప్రాజెక్టు కట్ట మీద నిలబడి, "గేట్లు 42, ఒక్క లైన్ల ఉన్నయి బామ్మర్దీ. నాయి 32 పండ్లే, గవెందుకు లైన్ల లెవ్వు?" అన్నాడు. సబబైన ప్రశ్నే. కాకపోతే గేటు కింద ఉన్నది కాంక్రీటు, పన్ను చుట్టూ ఉన్నది ఎముక. పన్నును ఒక పక్కకు నెడితే అటువైపు ఎముక కరగాలి, ఇటువైపు కొత్తది పెరగాలి. అందుకే ఆ పిల్ల చూపే ప్లాస్టిక్ తొడుగు ఒక్కోటి పన్నును జరిపేది సుమారు పావు మిల్లీమీటరు. వారానికో, రెండు వారాలకో తొడుగు మార్చాలి. పండగ ఆఫర్ ఉందని ఎముక తొందరపడదు.

ఇక తొడుగు కనిపించదన్న ముచ్చట. 1990ల చివర్లో అమెరికాలో ఈ తొడుగులు బజారుకొచ్చినప్పుడు వాళ్లకు మన కూరల సంగతి తెలియదు కాబోలు. పసుపు బోర్డు కోసం ఏళ్లకేళ్లు కొట్లాడిన జిల్లా ఇది. తొడుగు తీయకుండా రెండు పూటలు పప్పు తింటే చాలు, అద్దంలాంటి ప్లాస్టిక్ పచ్చబడుతుంది. సిరామిక్ క్లిప్పుల రబ్బర్లదీ అదే గతి. పైగా తొడుగుకు పట్టు దొరకాలని పండ్ల మీద చిన్న బొడిపెలు అతికిస్తారు, జాగా చాలకపోతే పండ్ల సందులు అరగదీస్తారు. ఆ పిల్ల ఈ రెండూ చెప్పదు.

రోజుకు 20 నుంచి 22 గంటలు తొడుగు నోట్లోనే ఉండాలి. తినేముందు తీయాలి, పండ్లు తోముకుని మళ్లీ పెట్టాలి. గంటకో చాయ్ తాగే ఊళ్లో ఇదెంత సులువో మీకే తెలుసు. తీయకుండా తాగితే చక్కెర పంటికీ ప్లాస్టిక్‌కీ మధ్య మకాం వేస్తుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లోనే మూతపడ్డా ఇక్కడ మాత్రం క్రషింగ్ సీజన్ నడుస్తూనే ఉంటుంది.

మొన్న ఒక పెళ్లి బంతిలో బావ దస్తీ చాటున తొడుగులు తీసి, టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెట్టాడు. చెయ్యి కడుక్కుని వచ్చేలోపు పిల్లలు విస్తర్లతో పాటు దాన్నీ ఎత్తేశారు. రాత్రి టార్చిలైటు పట్టుకుని ఎంగిలాకుల కుప్పంతా తిరగేశాడు. కంపెనీ మాట తప్పలేదు, ఎంత వెతికినా కనిపించలేదు.

నిజానికి తొడుగును తిట్టి లాభం లేదు. డాక్టరు నోరు చూసి, ఎక్స్‌రే తీసి, చిగుళ్ల జబ్బు ముందు తగ్గించి పెడితే పెద్దవాళ్ల పండ్లూ సర్దుకుంటాయి. కష్టమైన కేసుల్లో పాత లోహపు క్లిప్పులే ఎక్కువ పని చేస్తాయి, ఖర్చూ తక్కువే. దగా అంతా "క్లినిక్కు రానక్కర్లేదు" అనడంలో ఉంది. ఇంటికే అచ్చు కిట్టు పంపి, పోస్టులో తొడుగులు పంపిన అమెరికా కంపెనీ స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో దుకాణం ఎత్తేసింది. పండ్లు సగం దారిలో ఉన్నవాళ్లకు వైద్యం ఆగింది. కిస్తులు మాత్రం కడుతూనే ఉండమంది.

బావ కూడా ఫోటోలు పంపే తెప్పించుకున్నాడు. తొడుగులు పోయాక గానీ నిజామాబాద్‌లో డాక్టరు గడప తొక్కలేదు. ఆయన చిగుళ్లు వేలితో నొక్కి చూసి, ముందు గుట్కా బంద్ చెయ్యమన్నాడు. బావకు మండింది. "నేను లైన్ గురించి అడిగితే ఈయన గుట్కా గురించి చెప్తడేంది?"

అంతా అయ్యాక రిటైనర్ అని ఇంకోటి ఇస్తారని, ఏళ్ల తరబడి రాత్రిళ్లు పెట్టుకోకపోతే పండ్లు పాత జాగాకే తోవ పడతాయని నేను చెప్పాను. బావ కాసేపు ఆలోచించాడు.

"దానికి గూడ ఈఎంఐ ఉంటదా?"