హండ్రెడ్ పర్సెంట్‌కు టీకా తాత్పర్యం

మూలం

“రేపు పొద్దన్నే ఆరింటికల్లా పట్టుబడికి మనుషుల్ని పంపిస్తానన్నా, హండ్రెడ్ పర్సెంట్!”

అవతారిక

ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. కావలి మొదలుకొని వాకాడు దాకా రొయ్యల గుంటల గట్ల మీద ఎవరో ఒకరు ఫోనులో దీన్ని పలుకుతూనే ఉంటారు కాబట్టి, వేదాల్లాగా ఇదీ అపౌరుషేయమేనని కొందరి మతం. వక్త పట్టుబడి మేస్త్రి. శ్రోత రైతు. కాలం సాయంత్రం, రొయ్య ధర చెప్పిన కంపెనీ ఏజెంటు అప్పుడే బండెక్కి వెళ్లిపోయిన వేళ. రసం మొదట శాంతం, తెల్లారేసరికి రౌద్రం.

ఇంత ప్రచారంలో ఉన్న వాక్యానికి ఇప్పటిదాకా ఒక వ్యాఖ్య లేకపోవడం నెల్లూరికి తగని పని. తిక్కన సోమయాజి నడయాడిన చోటు ఇది. టీకా తాత్పర్యాలతో కావ్యాలు అచ్చువేసి ఇంటింటికీ పంచిన వావిళ్ల వారు ఈ జిల్లా మూలాల వాళ్లే. వారిలో రామస్వామి శాస్త్రులు 1854లో చెన్నపట్నం వెళ్లి అచ్చుకూటం పెట్టారు. ఆముక్తమాల్యదకు వ్యాఖ్య రాసిన వేదం వెంకటరాయ శాస్త్రిగారు 1897 నాటి ప్రతాపరుద్రీయ నాటకంలో చాకలి పేరిగాడి నోట పండితుడి మాట పెట్టకుండా పేరిగాడి మాటే ఉంచారు. ఆ ధైర్యంతో నేనూ మేస్త్రి మాటను మేస్త్రి మాటగానే ఉంచి వ్యాఖ్యానిస్తున్నాను. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి మరీ కలం పట్టాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం పాటిస్తాను. రెండో సగం కూడా పాటిస్తే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసిపోవాలి.

ప్రతిపదార్థం

రేపు = తెల్లవారిన తర్వాత వచ్చే కాలమునందు, ఏ తెల్లవారి తర్వాత అన్నది వక్త ఇష్టము; పొద్దన్నే = రైతుకు పొద్దున్నే, మేస్త్రికి టిఫిన్ అయ్యాక; ఆరింటికల్లా = ఎనిమిదిన్నర లోపల; పట్టుబడికి = గుంటలో నీళ్లు దించి, వల లాగి, రొయ్యను ఐసులో వేసి వ్యానుకెక్కించే పనికి; మనుషుల్ని = ఈ క్షణాన వేరొకరి గుంటలో మోకాలి లోతు బురదలో ఉన్నవారిని; పంపిస్తాను = పంపించాలని నాకూ ఉన్నది; అన్నా = కోప్పడవద్దు; హండ్రెడ్ పర్సెంట్ = దీని అర్థం కోసమే ఈ వ్యాఖ్య.

విశేషము. ఇందులో ‘ఆరింటికల్లా’ అన్నది కావ్యశోభ కోసం వేసిన పదం కాదు. అమావాస్య, పున్నమిల చుట్టూ రొయ్య పెంకు విడుస్తుందని రైతులు తిథి చూసి పట్టుబడి పెట్టుకుంటారు. కొత్త పెంకు గట్టిపడక ముందే పడితే దాన్ని ‘సాఫ్ట్’ అంటారు, కిలోకింతని కోత పెడతారు. పైగా నీళ్లు దించిన గుంటలో ఎండ ఎక్కేకొద్దీ రొయ్య ఒత్తిడికి లోనవుతుంది, ఐసు కరుగుతుంది, వ్యాను డ్రైవరు హారన్ కొడతాడు. ఇన్ని బరువులు మోస్తున్న పదం కాబట్టే దాని తర్వాత ఒక ఊతపదం అవసరమైంది.

పాఠాంతరాలు

పెద్దల దగ్గర దొరికిన పాత ప్రతిలో ‘నూటికి నూరు పాళ్లు’ అని ఉంది. అర్థంలో భేదం లేదు గానీ, అది పలికేటప్పుడు పెద్దాయన తల నిదానంగా ఊపుతాడు. ఇప్పటి పాఠంలో ఆ నిదానం లేదు. కాలేజీ పిలకాయల ప్రతుల్లో ‘థౌజండ్ పర్సెంట్’ కనిపిస్తుంది. అది ప్రక్షిప్తం. నూరుకు విలువ పడిపోయాక చెలామణిలోకి వచ్చిన పెద్దనోటు.

‘నూటపది పర్సెంట్’ అనే పాఠాన్ని మాత్రం తోసిపుచ్చలేం. హేచరీల నుంచి రొయ్యపిల్ల కొనేటప్పుడు కొన్న లెక్క మీద కొంత బోనసుగా వేసి ఇవ్వడం రివాజు. లక్షకు పదివేలు అదనంగా పడితే అది అక్షరాలా నూటపదే. లోకంలో ఈ పాఠం ఉత్త ప్రగల్భం. ఇక్కడ దానికి బిల్లు ఉంటుంది.

వ్యాకరణం

మాటను నొక్కి చెప్పడానికి తెలుగువాడికి అరువు అక్కరలేదు. మాటనే రెట్టిస్తాడు. కడకడ కట్టకడ అవుతుంది, నడుమనడుమ నట్టనడుమ అవుతుంది, పగలుపగలు పట్టపగలవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం ఈ ఆమ్రేడితానికి సూత్రం కట్టి, రెండు టకారాలు ఎక్కడి నుంచి దిగుతాయో చెప్పింది. ‘హండ్రెడ్‌కి హండ్రెడ్ పర్సెంట్’ అన్న ప్రయోగంలోనూ ఆమ్రేడిత వాసన ఉంది. ‘హట్టహండ్రెడ్’ అని మాత్రం ఇంకా ఎవరూ అనకపోవడం వల్ల దాన్ని కడాదుల్లో చేర్చడం కుదరదు.

అసలు చిక్కు అన్వయంలో ఉంది. హండ్రెడ్ పర్సెంట్ అన్నది ఎప్పుడూ వాక్యం చివర, ఒక ఊపిరి ఎడంగా వస్తుంది. ఏ పదాన్నీ అంటిపెట్టుకోదు. రేపు అన్నదానికి విశేషణమా, ఆరింటికి అన్నదానికా, మనుషులకా, పంపించడానికా? తెల్లారి తొమ్మిదింటికి జరిగే శాస్త్రచర్చ అంతా దీని మీదే.

“ఆరింటికి హండ్రెడ్ పర్సెంట్ అంటివే?”

“పంపిస్తానని హండ్రెడ్ పర్సెంట్ అన్నానన్నా. ఆరింటికి హండ్రెడ్ పర్సెంట్ అని నేనన్లా.”

“మరిప్పుడు యాడుండావు?”

“దోవలో ఉండామన్నా.”

వాక్యం అర్థం కావాలంటే పదాలకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని శాస్త్రం. ఇక్కడ ఆకాంక్ష రైతుకు ఉంది. యోగ్యత మేస్త్రికి ఉంది. సన్నిధి ఒక్కటే లేదు, మనుషులింకా రాలేదు.

శంక – నూరు అంటే ఎంత?

ఈ తీరంలో నూరు గొప్ప సంఖ్య కాదు. రొయ్యను కౌంటుతో కొలుస్తారు, అంటే కిలోకు ఎన్ని తూగుతాయని. ముప్పై కౌంటంటే ఒక్కో రొయ్య దాదాపు 33 గ్రాములు. నూరు కౌంటంటే పది గ్రాములు. సంఖ్య పెరిగేకొద్దీ రొయ్య చిక్కుతుంది, ధర తగ్గుతుంది. నూరు కౌంటుకు పట్టుబడి పెట్టిన రైతును ‘ఏంది, తెగులు తగిలిందా?’ అని పరామర్శిస్తారు.

ఇక పర్సెంటు సంగతి. లక్ష పిల్ల వదిలితే ఎనభై వేలు చేతికొచ్చినవాడు టీకొట్టు దగ్గర నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడతాడు. నూరు పాళ్లూ బతికిన గుంట గురించి ఎవరైనా చెబితే విన్నవాళ్లు వేసిన లెక్కలో తప్పుందంటారు. మరి నూరెక్కడా ఎరగని చోట నూరు పర్సెంటు ఎలా పుట్టింది?

సమాధానం. కొలిచేవాడి నోట నూరు రాదు. గుంట దగ్గర చూడండి. మేత చల్లిన రెండు గంటలకు రైతు చెక్కపలక మీద నడిచి వెళ్లి, తాడు లాగి చెక్ ట్రే పైకెత్తుతాడు. వలగుడ్డ మీద మేత మిగిలిందా అని వేలితో తడుముతాడు. ఒక రొయ్యను వెలుతురుకు అడ్డంపట్టి వీపు వెంట పేగు తెగకుండా నిండిందా, మీసాలు తెగాయా అని చూస్తాడు. చిటికెతో తట్టి ఎలా ఎగురుతుందో చూస్తాడు. తిరిగి నీళ్లలోకి దించుతాడు. ఎట్టుందని అడిగితే ‘పర్లేదు’ అంటాడు. అంతే. కంటితో చూసి వచ్చినవాడి మాట పర్లేదు. చూడనివాడి మాట హండ్రెడ్ పర్సెంట్.

వాతావరణ శాఖ పద్ధతీ ఇదే. వాళ్ల లెక్కలో వర్షం నాలుగో వంతు లోపు కేంద్రాల్లో పడితే ‘ఒకటి రెండు చోట్ల’, సగం దాకా అయితే ‘కొన్నిచోట్ల’, 75 శాతం దాకా ‘చాలాచోట్ల’. 75 దాటితే చాలు, ‘దాదాపు అంతటా’. అందులోనూ ‘దాదాపు’ను వదల్లేదు. కార్తీకంలో వాయుగుండాలు చూసీచూసీ నేర్చుకున్న మాట అది. శ్రీహరికోటలో లెక్క ఇంకా జాగ్రత్త. నూరు వైపు ఎక్కరు, సున్నా వైపు దిగుతారు. సున్నా అయ్యాక కూడా ఉపగ్రహం కక్ష్యలో చేరేదాకా చప్పట్లు కొట్టరు. 1993 సెప్టెంబరు 20న మొదటి పీఎస్‌ఎల్‌వీ నింగికెగిరి సముద్రంలో పడింది. అక్కడివాళ్లకు ఆ సంగతి ఒకరు గుర్తు చేయనక్కర్లేదు.

ప్రత్యుదాహరణ. 1990ల నడుమ టైగర్ రొయ్యను తెల్లమచ్చ తెగులు ఊడ్చేసింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చి గుంటలు మళ్లీ నిండాయి గానీ తెల్లమచ్చకు ఇప్పటికీ మందు లేదు. తెగుళ్లు లేని పిల్లను పీసీఆర్ పరీక్ష చేయించి వేసుకోవడం, పక్క గుంట నీళ్లు రాకుండా చూసుకోవడం, ఇవే దారి. అయినా సీజనులో మందు డబ్బాతో గట్టెక్కే మనిషి ఒకడు ఉంటాడు. మందే లేని జబ్బుకు అతను చెప్పే ఫలితం ఎప్పుడూ హండ్రెడ్ పర్సెంటే. ఎనభై అని చెబితే మిగతా ఇరవై సంగతి చెప్పాల్సి వస్తుంది.

అలంకారం

దీన్ని అతిశయోక్తి అనడం పొరపాటు. ఇది లక్షణ. ‘గంగలో పల్లె’ అంటే గంగ గట్టున పల్లె అని అర్థం చెప్పుకున్నట్టు, ఇక్కడా ముఖ్యార్థం నిలవక పక్కనున్న అర్థాన్ని పట్టుకోవాలి. ముఖ్యార్థం: తప్పక వస్తారు. లక్ష్యార్థం: వచ్చేలా చూస్తాను. వ్యంగ్యార్థం: ఇంక ఫోను పెట్టెయ్. ఈ మూడోదే కావ్యానికి ప్రాణం. హండ్రెడ్ పర్సెంట్ అన్న తర్వాత ఏ రైతూ ఇంకో ప్రశ్న అడిగిన దాఖలా లేదు. నూరు తర్వాత అంకె లేదు, అడగడానికి మాటా లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ చూడాలంటే మైపాడు తీరానికి వెళ్లాలి. పడవ దిగిన వంజరాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నామెను ‘తాజాదేనా?’ అని అడగండి. నోటితో జవాబు చెప్పదు. బొటనవేలితో మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించి, ‘సూసుకో సామీ’ అంటుంది. అదే వంజరం ఊళ్లోకి వచ్చి హోటల్లో పులుసైతే, ‘ఈ పొద్దు చేసిందేనా?’ అన్న ప్రశ్నకు సర్వరు హండ్రెడ్ పర్సెంట్ అంటాడు. ఇక్కడ విషాదం ఏమిటంటే, మామిడికాయ ముక్కలు వేసిన నెల్లూరు చేపల పులుసు నిన్నటిదైతేనే రుచి. అక్కరలేని చోట కూడా అబద్ధం అలవాటుగా వచ్చేసింది.

పూర్వపక్షం – సిద్ధాంతం

‘మాట మీద నిలబడే రోజులు పోయాయి, అందుకే ఈ మాట పుట్టింది’ అని పూర్వపక్షం. వెనక అమ్మతోడు అనేవారు, గంగమ్మతోడు అనేవారు, దీపం మీద చెయ్యిపెట్టి ఒట్టేసేవారు. పట్టపు మత్స్యకారుల పాలేల్లో ఊరిపెద్దలైన కాపులు దురాయి (కట్టుబాటు ఆజ్ఞ) వేస్తే ఊరంతా కట్టుబడేది, దాటినవాడు తప్పు కట్టేవాడు. తోడు అంటే సాక్షి. మాట తప్పితే ఆ సాక్షికి, మాటిచ్చినవాడికి ఏదో ఒక నష్టం ఉండేది. హండ్రెడ్ పర్సెంట్‌లో ఎవరూ సాక్షి లేరు. తప్పితే నూరుకేమీ కాదు, పర్సెంటుకేమీ కాదు. జామీను లేని పూచీ అది.

ఇదంతా నిజమే. అయినా మేస్త్రి అబద్ధాలకోరని తేల్చడం సిద్ధాంతం కాదు. అతని చేతిలో ఉన్నదేమిటో చూడండి. మనుషులు ఆ రాత్రికి వేరే గుంటలో పని ముగించాలి. ఐసు ఫ్యాక్టరీలో కరెంటు ఉండాలి. వాన రాకూడదు. కంపెనీవాడు పొద్దున్నే ధర మార్చకూడదు. రైతే ‘రెండు రోజులాగుదాం’ అనకూడదు. వీటిలో ఒక్కటీ అతని చేతిలో లేదు. చేతిలో లేనిదాని మీద కన్నతల్లిని తోడు పిలిచేవాడు మంచివాడా, పిలవనివాడు మంచివాడా? మేస్త్రి అమ్మను జాగ్రత్తగా ఇంట్లో ఉంచి, ఎవరికీ చుట్టం కాని ఇంగ్లీషు లెక్కను పణం పెట్టాడు. కాదని చెబితే అన్న మనసు కష్టపడుతుంది, ఒట్టేస్తే అమ్మకు ముప్పు. ఆ రెంటి నడుమ దొరికిన సందు పేరే హండ్రెడ్ పర్సెంట్.

తాత్పర్యం

ఓ అన్నా! నీ పని మీద నాకు మనసుంది, నా చేతిలో ఏమీ లేదు, ఆ సంగతి నీకూ తెలుసు, తెలిసీ అడిగావు గనుక నువ్వు వినదలిచింది చెప్పాను అని మేస్త్రి రైతుతో పలుకుతున్నాడని భావము.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివిన రైతు హండ్రెడ్ పర్సెంట్ విన్న వెంటనే ఇంకో మేస్త్రికి ఫోను చేస్తాడు. ఆ రెండోవాడు కూడా అదే అంటే రెండు వందల పర్సెంట్ వచ్చినట్టు కాదు, మూడోవాడి నంబరు వెతకాల్సి వచ్చినట్టు. ఆ మూడోవాడు ‘ఆరు కుదర్దన్నా, ఏడున్నరకి ఎనిమిది మందిమి వస్తాం, ఇద్దరు తగ్గినా తగ్గుతారు’ అని గొణిగితే ఇంకేమీ అడగొద్దు. అతను అప్పటికే తన మనుషుల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాడు. అడ్వాన్సు అతనికి వెయ్యండి.