ట్రాన్స్‌మిషన్ ఫిల్టర్ గార్లకు బహిరంగ లేఖ

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా.

మాన్యులైన ట్రాన్స్‌మిషన్ ఫిల్టర్ గార్లకు,

చెత్త లారీల వర్క్‌షాపులో మెకానిక్ నమస్కరించి రాయునది.

మీరు ఇద్దరు కాబట్టి ‘గార్లకు’ అన్నాను. మా దగ్గరికొచ్చే కంప్యాక్టర్ బండ్లలో చాలావాటికి ఆలిసన్ 3000 సిరీస్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. దాని అడుగున, కంట్రోల్ మాడ్యూల్లో, పక్కపక్క గదుల్లో మీరుంటారు. మీలో ఒకరు మెయిన్. పంపు తోసిన ఆయిల్ని వడగట్టి వాల్వులకూ క్లచ్‌లకూ పంపేది ఆయన. రెండోవారు లూబ్. కూలర్‌కి వెళ్లి చల్లబడి వచ్చిన ఆయిల్, గేర్లకూ బేరింగులకూ చేరకముందు ఆయన చేతిమీదుగానే పోవాలి. మీరు లేకపోతే ఈ బండ్లు నెల తిరక్కముందే మూలపడతాయి. ఆ గౌరవం మనసులో పెట్టుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీ కష్టం నాకు తెలుసు. రాత్రిపూట కూడా ఒళ్లు కాలే ఎండాకాలం ఇక్కడిది. చెత్త బండి ఒక డబ్బా దగ్గర ఆగుతుంది, యాభై గజాలు పోయి ఇంకో డబ్బా దగ్గర ఆగుతుంది, సందులో రివర్స్ పడుతుంది, నిలబడి చెత్తను నొక్కుతుంది. తెల్లారేసరికి మీటర్లో కిలోమీటర్లు కొంచెమే పెరుగుతాయి. గేర్‌బాక్స్ మాత్రం రాత్రంతా పనిచేసినట్టే. మాన్యువల్లో మీ గడువు కిలోమీటర్లు, గంటలు, నెలలు అని మూడు లెక్కల్లో రాసి ఉంటుంది, ఏది ముందొస్తే అదే అని కూడా ఉంటుంది. బండ్ల యజమానులు కిలోమీటర్ల వరుస ఒక్కటే చదువుతారు. చెత్త బండికి చూడాల్సింది గంటలు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా స్టోర్‌లో కొనుగోలు చీటీ రాసే మనిషి చెవికి ఎక్కదు.

మీకు మేం ఏం తక్కువ చేశామో చెప్పండి. మిమ్మల్ని తెప్పించేముందు బండి కిందికి దూరి, గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే సంపు ఎంత లోతుందో కొలుస్తాం. 2 అంగుళాల సంపుకి ఒక కిట్టు, 4 అంగుళాల సంపుకి ఇంకో కిట్టు. బండి మోడల్ పేరు చెప్పి కొంటే ఏది చేతికొస్తుందో దేవుడికే తెలియాలి. పాతవాళ్లని దింపాక గది లోపల పాత సీలు రింగు ముక్క ఏదైనా అంటుకుని ఉందేమోనని వేలితో తడిమి చూస్తాం. కొత్త రింగులకు అదే గేర్‌బాక్స్ ఆయిల్ రాస్తాం, గ్రీజు పూయం. మిమ్మల్ని చేత్తో నెట్టి, గదికి సరిగ్గా నడుమ కూర్చోబెడతాం.

తర్వాత మూత. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మూత పూర్తిగా కూర్చోకముందే బోల్టులు ఎక్కించి, వాటితోనే మూతను పైకి లాగుతారు. అలా లాగితే రింగు నలుగుతుంది, మూత వంగుతుంది, ఒక్కోసారి సంపే పగులుతుంది. మేం మూతను రెండు అరచేతులతో నొక్కి, సీలు లోపలికి దిగిందని తెలిశాకే బోల్టు పెడతాం. మూతకు 6 చొప్పున 12 బోల్టులు. బోల్టులు బిగించే గన్ను పక్కన పెట్టి టార్క్ రెంచ్‌తో 51 నుంచి 61 న్యూటన్ మీటర్ల మధ్య బిగిస్తాం. మిమ్మల్ని మాత్రమే మార్చే రోజున ఆయిల్ మొత్తం దించక్కర్లేదు, పోయేది సుమారు 2 లీటర్లు. అంత మళ్లీ పోసి, ఆయిల్ 71 నుంచి 93 డిగ్రీల మధ్యకు వేడెక్కాక లెవెల్ చూసి బండి వదులుతాం. ఇంతకంటే మర్యాద ఏ విడిభాగానికీ చెయ్యం.

అంత మర్యాద పొందిన మీరు మాకు చేసిందేమిటి?

అయ్యా, మొదటిది మీ పేరు పెట్టుకు తిరిగే నకిలీల సంగతి. అదే పెట్టె, అదే రంగు, అదే అక్షరాలు. విప్పి చూస్తే మడతలు ఒక పక్క ఒత్తుగా, ఇంకో పక్క పలచగా ఉంటాయి. కొస రేకు దగ్గర జిగురు పూర్తిగా పట్టి ఉండదు. వేడి ఆయిల్ తగిలాక ఆ జిగురు వదిలితే, వడగట్టని ఆయిల్ పక్కనుంచి దాటిపోతుంది. అసలుదానికీ నకిలీకీ ధరలో తేడా ఎంత? ఒక పూట డీజిల్ ఖర్చు కూడా ఉండదు. దాని మూలంగా పాడయ్యే గేర్‌బాక్సుని విప్పి బాగుచెయ్యాలంటే వేల దిర్హమ్‌లు. తక్కువకు వచ్చిందని సంబరపడి కిట్లు కొన్నవారు ఆ బిల్లు వచ్చే రోజున ఎక్కడా కనబడరు.

రెండోది మీ మౌనం. కొత్త బండ్లలో మీ తరఫున మాట్లాడే ఏర్పాటు ఉంది. మీ ఆయువు దగ్గరపడితే గేర్ సెలెక్టర్ మీద పానా గుర్తు వెలుగుతుంది. మంచిదే. కానీ ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా సెలెక్టర్ని ఒక వరుసలో తిప్పితే ఆ గుర్తు ఆరిపోతుంది. అది మిమ్మల్ని మార్చినవాళ్లు చెయ్యాల్సిన పని. మార్చకుండానే చేసేవాళ్లున్నారు. పాత బండ్లకైతే ఆ గుర్తు కూడా లేదు. మీ మడతలు నిండిపోతున్నా పైకి ఏమీ తెలియదు. ప్రెషర్ పడిపోతుంది, క్లచ్ జారడం మొదలవుతుంది, డ్రైవర్‌కి తెలిసేసరికి పని అయిపోతుంది.

ఇక మూడోది. ఈ ఉత్తరం రాయించింది ఇదే.

మా జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన డ్రైవర్ తమ్ముడొకడు కిందటి ఎండాకాలం ట్రిప్ షీటులో పదేపదే ఒకటే రాశాడు: రివర్స్ ఆలస్యంగా పడుతోంది, పడ్డప్పుడు కుదుపు కొడుతోంది. కంపెనీవాళ్లు చూద్దామన్నారు. తర్వాతన్నారు. ఒకరోజు తెల్లారుజామున ఆ బండి చెత్త దింపే చోటే నిలబడిపోయింది, ఏ గేరూ పడలేదు. లాక్కొచ్చి ఆయిల్ తీస్తే నల్లగా ఉంది, మాడు వాసన కొట్టింది. నేను ఫిల్టర్లు చూద్దామనేలోపు మిమ్మల్ని దింపిన కుర్రాడు ఇద్దరినీ పాత ఆయిల్ డ్రమ్ములో పడేశాడు. ఆ డ్రమ్ముని సాయంత్రం వ్యర్థాల బండి పట్టుకుపోయింది. రిపోర్టులో ‘డ్రైవర్ మొరటుగా నడిపాడు’ అని రాశారు. అతని జీతంలో కోత పడింది. ఇంటికి పంపే డబ్బు ఆ మేరకు తగ్గింది. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు ఇంకా తీరని మనిషి.

అతను మొరటుగా నడిపాడా, లేక మిమ్మల్ని ఏళ్లతరబడి మార్చలేదా? ఆ సంగతి కళ్లారా చూసినవారు మీరిద్దరే. అది మీ మడతల్లోనే ఉంది. మీరు నోరు విప్పలేదు.

మీ మడతలు విప్పితే ఏం తెలుస్తుందో తెలుసు కాబట్టే నాకింత కోపం. నల్లటి నూగు దట్టంగా పట్టి ఉంటే అది క్లచ్ ప్లేట్ల లైనింగు. వెలుతురుకి తిప్పితే సూదిమొనల్లా మెరిసే ఉక్కు తునకలు కనిపిస్తే గేరో బేరింగో అరుగుతోంది. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబారితే కూలర్లో చిల్లుపడి నీళ్లు కలిశాయి. కూలెంటులోని గ్లైకాల్ లైనింగుని ఊడగొడుతుంది. అప్పుడు మిమ్మల్ని మార్చి ప్రయోజనం లేదు, గేర్‌బాక్స్ విప్పాల్సిందే. వీటిలో చాలావరకు ఒక్క రాత్రి డ్రైవింగుతో వచ్చేవి కావు, ఎవరూ గమనించక పెరిగినవే. ఇంత సమాచారం కడుపులో పెట్టుకున్న మిమ్మల్ని చెత్తలో పారేస్తున్నారు.

కాబట్టి అయ్యా, ఇకనుంచి మా షెడ్డులో పద్ధతి మారుతుంది. మిమ్మల్ని దింపిన రోజే, డ్రమ్ములోకి పోకముందే, ట్రేలో పెట్టి బల్ల మీదికి తెస్తాం. బండి డ్రైవర్ని పిలుస్తాం, ఫోర్‌మెన్‌నీ పిలుస్తాం. మడతల కాగితాన్ని రెండు కొసల్లోనూ కత్తితో కోసి పరుస్తాం. హాక్సా వాడం, దాని పొట్టు కూడా మెరిసి మనల్ని పొరపాటు పడేస్తుంది. ఫొటో తీసి, బండి నంబరూ గంటల మీటరు రీడింగూ రాసి, జాబ్‌కార్డుకి జతచేస్తాం. కొత్త కిట్టు పెట్టె మీది పార్టు నంబరు కూడా అందులోనే ఉంటుంది, ఎవరు ఏం కొన్నారో తెలియాలి కదా.

తప్పు డ్రైవర్‌దైతే డ్రైవర్‌దే అని చెప్పండి, నేను అడ్డురాను. కంపెనీదైతే అదీ దాచకండి. గడువుకి ముందే మీరు నిండిపోతే ఎందుకు నిండారో చెప్పండి. ఇంతవరకు మీకు చేసిన మర్యాదకు బదులుగా నేను కోరేది ఇంతే. వచ్చే వారం రెండు బండ్లు గంటల లెక్కన గడువుకి వస్తున్నాయి. వాటితోనే మొదలు.

ఇట్లు,
మీ మూతల బోల్టులు బిగించే మెకానిక్