మా రోజుల్లో క్యాబినెట్‌కి చిల్లు పెట్టేవాళ్లం

"పీసీ బిల్డ్ చేశాను" అని ఈ కాలం కుర్రాళ్లు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏం చేశావు నాయనా అని అడిగితే ఫలానా ప్రాసెసరు, ఫలానా కార్డు, మూడు వైపులా అద్దాలున్న క్యాబినెట్, పది రంగుల ఫ్యాన్లు అంటూ కొన్నవాటి చిట్టా చదువుతారు. కొన్నావు, బిగించావు, సంతోషం. మరి అందులో నువ్వు చేసిందేది? నీ చేత్తో కోసిన అంచు ఒక్కటైనా ఉందా? ఇక్కడ గాలి ఆడాలి అని నువ్వు ఆలోచించి పెట్టిన చిల్లు ఒక్కటైనా ఉందా?

మా రోజులంటే తొంభైల చివర, రెండువేల తొలి సంవత్సరాలు. ఢిల్లీవాళ్లకి నెహ్రూ ప్లేస్, చెన్నైవాళ్లకి రిచీ స్ట్రీట్, బెంగళూరువాళ్లకి ఎస్పీ రోడ్డు ఎలాగో, మాకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అలాగ. అందరికీ అది సీటీసీ. జేబులో చీటీ పెట్టుకుని ఒక్కో కొట్టూ తిరిగేవాళ్లం. బోర్డు ఒక చోట, ర్యామ్ ఇంకో చోట. "అన్నా, ఒకసారి ఎస్ఎంపీఎస్ తగిలించి ఆన్ చేసి చూపించు" అని కౌంటర్ మీదే పెట్టించి, తెర మీద అక్షరాలు కనబడ్డాకే డబ్బు తీసేవాళ్లం. పీసీ క్వెస్ట్, డిజిట్ పత్రికలు కొని, వాటితో వచ్చిన సీడీలు అరిగిపోయేదాకా వాడేవాళ్లం. ఏ బోర్డులో ఏ చిప్‌సెట్ ఉందో, దానికి ఏ ర్యామ్ పడుతుందో తెలియకుండా దుకాణం మెట్టెక్కితే మోసపోవడం ఖాయం. అందుకే నేర్చుకునేవాళ్లం.

నేర్చుకోకపోతే కాలిపోయేది కూడా. పాత ఏటీ రకం ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకి రెండు ప్లగ్గులు వచ్చేవి, పీ8, పీ9 అని. రెండూ చూడ్డానికి ఒకటే. అటుది ఇటు మార్చి పెట్టినా బిగిసిపోయేవి, స్విచ్ వేయగానే బోర్డు పోయేది. నలుపు తీగల పక్కన నలుపు తీగలు రావాలి, అదీ సూత్రం. హార్డ్ డిస్కుకి మాస్టర్, సీడీ డ్రైవ్‌కి స్లేవ్ అని చిన్న జంపర్ ముక్కలు పట్టకారుతో పెట్టేవాళ్లం. ప్రతి ముక్కా ఎందుకుందో తెలిస్తేనే మెషీన్ లేచేది.

ప్రాసెసర్ సంగతి చెబుతాను వినండి. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని చవక చిప్పు తెచ్చింది. 66 మెగాహెర్ట్జ్ బస్సు, నాలుగున్నర రెట్ల గుణకం, మొత్తం 300. బస్సును 100కి పెంచితే అదే చిప్పు 450 మీద పరిగెత్తేది. ఆ రోజున ఇంటెల్ అమ్మే అత్యంత ఖరీదైన పెంటియమ్-2 కూడా 450యే. కొన్ని బోర్డులు చిప్పును చూసి బస్సు వేగం వాటంతటవే పెట్టేవి. అలాంటి చోట చిప్పు కార్డు మీద బీ21 అనే ఒక్క కాంటాక్టుకి సన్నటి టేపు ముక్క అంటిస్తే బోర్డు 100 అనుకునేది. ఒక టేపు ముక్క అంత పని చేసేది!

తర్వాత 2000లో ఏఎండీ సాకెట్ రకం అథ్లాన్, డ్యూరాన్ వచ్చాయి. చిప్పు పైన ఎల్1 అని చిన్న బంగారు చుక్కల జంటలు. కంపెనీ వాటి మధ్య దారి తెంపి గుణకానికి తాళం వేసింది. మెత్తటి పెన్సిల్ ముక్కు చెక్కి, భూతద్దం పెట్టి, ఒక్కో జంటనూ గీతతో కలిపితే తాళం ఊడేది. గ్రాఫైట్ కరెంటును మోస్తుంది కదా. పక్క జంటకి గీత తగిలిందా, మళ్లీ తుడిచి మొదలు. ఆ తర్వాతి అథ్లాన్ ఎక్స్‌పీలో ఆ చుక్కల మధ్య లేజర్‌తో గుంటలు తవ్వి పెన్సిల్‌కి అందకుండా చేశారు. కుర్రాళ్లు ఆ గుంటల్ని జిగురుతో పూడ్చి పైన కరెంటు పారే రంగు పూశారు.

2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌తో ఆ తలుపూ మూసేసింది. గడియారం చిప్‌సెట్‌లో చేరింది. అన్ని భాగాలూ దానికే కట్టి ఉండేసరికి బస్సు వేగం కాస్త పెంచినా మెషీన్ మొత్తం తడబడేది. తాళం లేని చిప్పు కావాలంటే పేరు చివర 'కె' ఉన్నది కొనాలి, దానికి సరిపడే ఖరీదైన బోర్డూ కొనాలి. మేం టేపుతో, పెన్సిల్‌తో సంపాదించుకున్నదానికి ధర కట్టి అమ్మారు. ఈ రోజు చిప్పులు తమ వేడిని తామే కొలుచుకుని తామే వేగం పెంచుకుంటాయి. మెషీన్‌కి లాభమే. కుర్రాడికి మాత్రం అందులో చేయి పెట్టే పని లేకుండా పోయింది.

గ్రాఫిక్స్ కార్డుల గురించి మాట్లాడితే నాకు ఆవేశమే వస్తుంది. 3డీఎఫ్ఎక్స్ వాళ్ల వూడూ కార్డు మామూలు కార్డు పక్కన కూర్చునేది. వెనక చిన్న తీగతో ఒకదాని బొమ్మ ఇంకోదానిలోంచి మానిటర్‌కి వెళ్లేది. దానికి వేరే కరెంటు తీగ లేదు, బోర్డు ఇచ్చిందే చాలు. మొత్తం సిస్టమ్‌కి 250 వాట్ల ఎస్ఎంపీఎస్ సరిపోయేది. ఇప్పుడు ఎన్విడియా 4090 ఒక్క కార్డే 450 వాట్లు, 5090 అయితే 575. కంపెనీ సొంతంగా చేసిన 4090 పొడవు 304 మిల్లీమీటర్లు, అంటే బోర్డు ఎంత పొడవో కార్డూ అంత! అది కిందికి వాలిపోకుండా కింద ఊతకర్ర పెడుతున్నారు. ధరలు చూడండి. ఈ వరసలో పై కార్డు 1080 టీఐ 2017లో 699 డాలర్లు. 2022లో 4090 ధర 1,599. 2025లో 5090 ధర 1,999. ఎనిమిదేళ్లలో దాదాపు మూడు రెట్లు. ఇంత పోసి కొన్నాక, 4090 వచ్చిన తొలి నెలల్లోనే దాని పదహారు పిన్నుల ప్లగ్గు పూర్తిగా దిగక కొందరి దగ్గర కరిగిపోయింది. అద్దం తలుపు ఆ తీగను వంచి నొక్కే ఇరుకు క్యాబినెట్లు కూడా ఉన్నాయి. ప్లగ్గు చివరిదాకా దిగిందో లేదో వేలితో నొక్కి చూడండి, ప్లగ్గు మొదట్లోనే తీగను వంచకండి. ఇది మాత్రం నా మాట వినండి.

ఇక క్యాబినెట్. నా బాధంతా ఇక్కడే ఉంది.

మా క్యాబినెట్లు గోధుమరంగు రేకు డబ్బాలే, అందం లేదు. వెనక 80 మిల్లీమీటర్ల ఫ్యాను, దాని ముందు సగం గాలిని ఆపేసే జల్లెడ రేకు. ముందువైపు ప్లాస్టిక్, కింద ఒక సన్న సందు. హైదరాబాద్ మే నెలలో బయటే 40 దాటితే లోపల మెషీన్ ఉడికిపోయేది. అందుకని కోసేవాళ్లం. ముందు బోర్డు, డ్రైవులు, ఎస్ఎంపీఎస్ అన్నీ బయటికి తీయాలి, రేకు పొడి ఒక్క రవ్వ బోర్డు మీద పడినా షార్టు అవుతుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యానుకి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు. కాగితం మీద గీసి రేకుకి అంటించి, సెంటర్ పంచ్‌తో నాలుగు మూలలూ కొట్టేవాళ్లం. పెద్ద హోల్ సా అందరి దగ్గరా ఉండదు కదా. గుండ్రటి గీత పొడవునా చిన్న చిన్న రంధ్రాలు వరసగా వేసి, మధ్య మిగిలిన రేకును హాక్సా బ్లేడుతో తెంపి, ఆకురాయితో అంచు నునుపు చేసి, దానికి రబ్బరు బీడింగ్ తొడిగేవాళ్లం. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా చిన్నదానంత గాలి తోస్తుంది, చప్పుడు తక్కువ. ఆ చిల్లు పడ్డ రోజున మెషీన్ చల్లబడేది.

పక్క తలుపుకి కిటికీ కావాలంటే నేమ్ బోర్డులు చేసే కొట్టుకి వెళ్లి యాక్రిలిక్ ముక్క తెచ్చుకునేవాళ్లం. దాని మీది కాగితం తీయకుండానే కోయాలి. రంపం వేగంగా నడిపితే యాక్రిలిక్ కరిగి, కోసిన సందు వెనకాలే మళ్లీ అతుక్కుపోతుంది. రంధ్రం వేసేటప్పుడు కింద చెక్క పెట్టకపోతే డ్రిల్లు బయటికొచ్చే చోట పగులుతుంది. రంగు కోసం కార్లకి డ్యూకో పెయింట్ కొట్టే మేస్త్రీ దగ్గర నిలబడి, వాటర్ పేపర్‌తో ఎంతసేపు రుద్దాలో చూసి నేర్చుకున్నాం. రేకు వంచాలంటే బాలానగర్ షెడ్లున్నాయి. నీళ్లతో చల్లబరచాలనుకున్న అమెరికా కుర్రాళ్లు 1977 నాటి పోంటియాక్ బోన్‌విల్ కారు హీటర్ కోర్‌ని, అక్వేరియం పంపునీ కలిపి వాడారు. మేమైతే పని తెలిసినవాళ్లని అడిగి, వాళ్ల పనిముట్లు పట్టుకుని చేశాం. కంప్యూటర్ మోజు పట్టిన కుర్రాడు వడ్రంగినీ, లేత్ మేస్త్రీనీ, పెయింటర్‌నీ గౌరవించడం అక్కడే నేర్చుకున్నాడు.

2016 ప్రాంతంలో టఫెన్డ్ గ్లాస్ వచ్చింది, ఆ చదువు పోయింది. ఆ అద్దాన్ని వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. ఆ తర్వాత దానికి రంధ్రం వేయడానికి వీల్లేదు, అంచు కోయడానికి వీల్లేదు. ముట్టుకుంటే మొత్తం పిండి పిండి. యాక్రిలిక్‌కి గీతలు పడతాయి, నిజమే. కానీ అది మన మాట వినేది. ఈ అద్దం కొన్నవాణ్ని చూసేవాడిగానే ఉంచుతుంది.

మా అక్క కొడుకు కిందటేడు ముందూ పక్కా అద్దాలున్న క్యాబినెట్ తెచ్చాడు. ఆటలో కార్డు 84 డిగ్రీలు చూపిస్తోంది. "ఇంకో మూడు ఫ్యాన్లు కొందామా మామయ్యా?" అన్నాడు. ఒక్క స్క్రూ కూడా విప్పకుండా ముందు అద్దం లాగి మంచం మీద పెట్టాను. కాసేపటికి 76. ఫ్యాన్లు సరిపోయే ఉన్నాయి, వాటికి పీల్చుకోవడానికి గాలే లేదు. "అద్దం తీస్తే లుక్ పోతుంది మామయ్యా" అని మళ్లీ పెట్టేశాడు. వాణ్ని నేను తప్పుపట్టను. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో వాడికి ఎవరూ చెప్పలేదు, రంగులు మాత్రం అందరూ చూపించారు.

ఈనాటివన్నీ చెడ్డవని నేననను. సాటా తీగలు చక్కగా ఉన్నాయి. కావలసిన తీగ మాత్రమే తగిలించే మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ మా రోజుల్లో ఉంటే కళ్లకద్దుకునేవాళ్లం. చప్పుడు లేని ఫ్యాన్లు వచ్చాయి. ఫ్రాక్టల్ డిజైన్ వాళ్లు 2017లో మెషిఫై సీ అని ముందంతా జాలీ ఉన్న క్యాబినెట్ తెస్తే, కొన్నవాళ్లు మెచ్చుకున్నారు. గాలి విలువ తెలిసిన తయారీదారులూ ఉన్నారు. నేను అడిగేది ఒక్కటే. మెషీన్ మెరుగైనప్పుడు మనిషికి పని ఎందుకు తగ్గాలి?

తగ్గనక్కర్లేదు. ఏటీఎక్స్ కొలతల్ని ఇంటెల్ 1995లో ప్రకటించింది. ఇప్పటికీ పూర్తి సైజు బోర్డు 305 x 244 మిల్లీమీటర్లే. స్క్రూ రంధ్రాలు అక్కడే ఉన్నాయి. స్లాట్‌కీ స్లాట్‌కీ మధ్య 20.32 మిల్లీమీటర్లే. ఎస్ఎంపీఎస్ ముఖం 150 x 86. అంటే మీ నాన్నగారి పాత గోధుమరంగు ఏటీఎక్స్ క్యాబినెట్‌లో ఇవాళ్టి కొత్త బోర్డు సరిగ్గా కూర్చుంటుంది. సాకెట్లు, స్లాట్లు, ర్యాములు ఎన్నోసార్లు మారాయి, ఈ పెట్టె కొలతలు మాత్రం మారలేదు.

కాబట్టి ఆ పెట్టెను పాత సామాన్లవాడికి వేయకండి. కార్డు పొడవుకి అడ్డం వచ్చే డ్రైవుల పంజరం రివెట్లను డ్రిల్లుతో ఊడదీయండి. ముందువైపు రెండు 120 ఫ్యాన్లకి, వెనక ఒకదానికి కోయండి. ముందు నుంచి చల్లగాలి, వెనక నుంచి వేడిగాలి. లోపలికి వచ్చేది బయటికి పోయేదాని కంటే కొంచెం ఎక్కువుంటే, ముందు జాలీ పెట్టుకుంటే దుమ్ము తక్కువ పడుతుంది. పాత పెట్టె లేకపోతే ప్లైవుడ్‌తో, అల్యూమినియం యాంగిల్‌తో సొంతంగా కట్టండి. ముందు అట్టముక్కలతో నమూనా చేసి చూసుకోండి. అంచు కాస్త వంకర పోతే పోనివ్వండి, ఆకురాయి ఉంది. లక్షన్నర కార్డు కొనగలిగిన కుర్రాడు ఒక ఆదివారం, ఒక హాక్సా బ్లేడు దీనికి కేటాయించలేడా? మీకు చేతకాకపోతే అడగండి, మా తరంవాళ్లం ఇంకా ఉన్నాం. రేకు ఎలా పట్టుకోవాలో, బ్లేడు ఎంత నెమ్మదిగా లాగాలో పక్కన నిలబడి చూపిస్తాం.