స్వయంకృత యంత్రోద్ధారణము

పెనుకొండ దాపున ఎర్రమంచి కడ కియా వారు కట్టిన కర్మాగారములో, ఏ బోల్టును ఎంత బలముతో బిగింపవలెనో, ఆ బలము ఎచ్చట ఆగవలెనో, ఆగనిచో ఏమగునో ముందుగానే లెక్క గట్టి, ఆ లెక్కను యంత్రములకు అప్పగించి, మనుష్యుని ముంజేతి యభిప్రాయమునకు అందులో చోటు లేకుండ చేసిరి. 2019లో అక్కడినుండి కార్లు వెలువడసాగినప్పుడు, చుట్టుప్రక్కల జనులకు కొలతయందు గౌరవము కొంత పెరుగునని ఆశించినవారు కలరు. ఆ యాశ ఫలింపలేదు. అక్కడి జాతీయ రహదారి ప్రక్క పల్లెలో, ఆదివారము పూట, వేపచెట్టు క్రింద పాత వార్తాపత్రిక పరచి, దానిపై తన మోటారుసైకిలు ప్రేవులను వరుసగా పేర్చి, అరువు తెచ్చిన పానాతో “ఇంకొక్క చుట్టు” అనుచు బిగించి, ఆ యొక్క చుట్టుతోనే లోపల మర పోయిన చప్పుడు చెవిన బడినను పడనట్లు నటించు మహానుభావుడు ఇప్పటికిని కానవచ్చుచునే యున్నాడు.

ఈతని మతమునకు మూలసూత్రము ఒక్కటే: కంపెనీవానికి ఏమియు తెలియదు. ఇంజనీర్లు ఏండ్ల తరబడి గీసి, పోసి, విరిచి, మరల గీసి, ఎండలోను వానలోను నడిపి చూచి నిర్ణయించిన రూపమంతయు ఈతని దృష్టిలో చిత్తుప్రతి మాత్రమే. దానిని దిద్ది సాపు వ్రాయు భారము తనపై మోపబడినదని షోరూము గడప దాటక మునుపే ఆతడు గ్రహించును. బండితో కూడ ఇచ్చిన పుస్తకమును మాత్రము ముట్టడు. ఇంజను విప్పును గాని పుస్తకము విప్పడు. అది సీటు క్రింద ప్లాస్టిక్కు సంచిలో, ఆయుధపూజనాటి కుంకుమ మరకతో, అస్పృష్టమై, పరమ పవిత్రమై పడియుండును.

ధర్మవరమునకు పోయినచో ఈ వ్యవహారము మరింత రమణీయము. ఆ యూరి పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు కలదు. పెండ్లి ముహూర్తము కుదిరినదనగానే సీమలోని కుటుంబములు ఆ యూరి అంగళ్ల మెట్లెక్కుట వాడుక. ఇట్టి యూరిలో బండి కొన్న యువకుడు మొట్టమొదట ఊడబెరుకునది ఏది? చీర చక్రములో చిక్కుకొనకుండుటకై వెనుక చక్రము ప్రక్కన అమర్చిన శారీ గార్డు! కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 123వది, వెనుక కూర్చున్నవారికి పట్టుకొనుటకు పిడియు, పాదము మోపుటకు ఆధారమును, వారి బట్టలు చక్రమున పడకుండ చక్రములో సగమునకు తక్కువ గాకుండ కప్పు రక్షణయు ఉండవలెనని విధించినది. కొంగు జారుచుండగా బిడ్డను ఒడిలో పెట్టుకొని ఒక ప్రక్కకు తిరిగి కూర్చుండు స్త్రీకి పనికివచ్చు వాక్యము శుష్కమైన మన వాహనశాస్త్రములో అది యొక్కటి. మనవాడు పదవ నంబరు పానాతో దానిని కొట్టివేసి, మిగిలిన శూన్యమునకు ‘స్పోర్ట్స్ లుక్’ అని నామకరణము చేసెను. తండ్రి దినముల తరబడి పోగు వెంబడి పోగు వేసి నేసిన పట్టును కుమారుడు ఒక్క క్షణములో చక్రార్పణము చేయుటకు మార్గము సుగమము చేసినాడన్నమాట. చీర పోయిన పోవుగాక. కొంగుతోపాటు మెడయు పోవును.

ఇందులో నాకు బోధపడనిది ఒకటి కలదు. ఆ యింటిలోనే, మగ్గముపై పడుగు బిగువును పరాయివాడు వ్రేలితో తాకినను సహింపరు. జకార్డు అట్టలలో ఒక్కటి తారుమారైనచో అంచు మీది హంస కాకి యగునని పదేండ్ల పిల్లవానికిని తెలియును. ఈ జ్ఞానమంతయు మగ్గము గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నంతసేపే యుండి, లేచి బండి తాళము చేత బట్టగానే ఎచ్చటికి పోవునో పరిశోధింపదగిన విషయము.

ఇక సైలెన్సరు. హిందూపురమునకు బెంగుళూరు దూరము కాదు, అక్కడి జే.సీ. రోడ్డు అంగళ్లలో వెదకినచో దొరకని విడిభాగము లేదని ప్రతీతి. శనివారము పోయి, మెరయుచున్న గొట్టమొకటి సంకన బెట్టుకొని తిరిగివచ్చు ధనికులు కొందరు; అంత ఖర్చు భరింపలేక ఉన్న గొట్టములోని జాలీనే పెరికించుకొను సామాన్యులు కొందరు. శబ్దము పెరిగినది గనుక బలము పెరిగినదని ఉభయుల తర్కము. ఈ తర్కము చొప్పున పెండ్లిమేళములో పెద్దడోలు వాయించువాడే పెండ్లికొడుకు కావలెను.

1985 మొదలు 1996 వరకు మన దేశమున వెలువడిన యమహా ఆర్‌ఎక్స్ 100ను ఇప్పటికిని కులధనముగా కాపాడుకొనువారు కలరు గదా, వారి సంగతియే చూడుడు. 98 సీసీల ఆ రెండు స్ట్రోకుల ఇంజనులో పొగగొట్టము పొగ పోవు దారి మాత్రమే కాదు. ఇంజనునుండి వెలువడిన పీడన తరంగము గొట్టము సన్నబడు చోటును తాకి వెనుకకు మరలి, మండక మునుపే బయటికి జారిపోవుచున్న పెట్రోలు మిశ్రమమును మరల సిలిండరులోనికి నెట్టును. అనగా గొట్టము పొడవును, లావును, వంపును సమస్తము ఇంజనులో భాగమే. దానిని రంపముతో జానెడు కోయించి, “ఇప్పుడు బండి ఫ్రీగా పోతాండాది” అని మురియువాడు తన బలమును తానే కోసికొని, ఆ లోటును చప్పుడుతో పూడ్చుకొనుచున్నాడు.

పెనుకొండలో కుంభకర్ణుని తోట యని ఒకటి కలదు. అందు ఆ రాక్షసుడు మహాకాయుడై నిద్రించుచుండగా, ఆతనిని మేల్కొల్పుటకు భటులు పడరాని పాట్లు పడుచున్నట్లు బొమ్మలు తీర్చిరి. జాలీ తీసిన బుల్లెట్టు ఆ దారిని పోవునప్పుడు ఆ భటుల శ్రమ చూచి జాలి కలుగును. కుంభకర్ణుడు సిమెంటువాడు గనుక లేవడు. లేచునది ప్రక్క వీధిలో జ్వరముతో పడుకొన్న అవ్వ.

80 నుండి 175 సీసీల వరకు గల మోటారుసైకిలు తయారై బయటికి వచ్చునప్పుడు 77 డెసిబెళ్లకు మించి అరవరాదని ప్రభుత్వము గీత గీసినది. వాహనము తయారుచేసినవాడు నిర్దేశించిన లక్షణములకు విరుద్ధముగా దానిని మార్చరాదని 1988 నాటి చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. చెప్పినది చాలక, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసొకదానిలో మరల చెప్పవలసివచ్చినది. అదే యేడు చట్టమును సవరించి, అనుమతి లేని మార్పునకు ఆరు మాసముల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చుననిరి. ‘ఒక్కొక్క మార్పునకు’ అనుటలోని లోతు మనవారు గ్రహించినట్లు లేదు. సైలెన్సరు ఒకటి, హ్యాండిలు ఒకటి, ఊడిన గార్డు ఒకటి, ఇట్లు వరుసగా లెక్కించుకొనుచు పోయినచో, కొన్ని బండ్ల వెలకంటె వాని నేరముల వెలయే హెచ్చుగా తేలును. పట్టుబడిన గొట్టములను పోలీసులు రోడ్డుపై పరచి రోలరుతో త్రొక్కించుట ఆంధ్రదేశమున పలు పట్టణములలో జరిగినదే. తమ కళాఖండములకు ప్రభుత్వము వారు చేసిన ప్రదర్శనగా దానిని భావించి, ఫోనులో చిత్రించి దాచుకొన్న అభిమానులు కూడ ఉందురేమో.

శబ్దప్రియులకంటె ప్రమాదకరులు మితవ్యయపరులు. కార్బురేటరున మరను అరచుట్టు త్రిప్పి, పెట్రోలు తగ్గించి గాలి పెంచినచో మైలేజి పెరుగునని వీరు ఎవరివలననో విందురు. అది కొంతవరకు నిజమే. ఆ కొంత దాటిన పిమ్మట, పలుచబడిన మిశ్రమము వేడి హెచ్చించి, నడివేసవి సీమ యెండలో, వెనుక ఇద్దరిని, ముందు చింతపండు మూటను మోయుచున్న వేళ, పిస్టను సిలిండరును కౌగిలించుకొని ఇక విడువనని భీష్మించును. టాపెట్లు టకటకమనుచున్నవని బిగించువాడు ఇంకొకడు. వాల్వునకును టాపెట్టునకును నడుమ వెండ్రుకవాసి సందు విడిచినది మరపుచేత కాదు, లోహము వేడికి సాగును గనుక విడిచిరి. ఆ సందు మూసినచో వాల్వు తన పీటపై పూర్తిగా ఆనదు, ఆననిది తన వేడిని దింపుకొనలేదు, దింపుకొనలేనిది కాలిపోవును. సన్నని టకటక ఆరోగ్యము, నిశ్శబ్దము రోగము. సైలెన్సరు కడ నిశ్శబ్దమును సహింపని వీరుడే టాపెట్ల కడ ధ్వనిని సహింపకుండుట ఎంత విచిత్రము!

2020 ఏప్రిల్ 1వ తేదీనుండి బీఎస్-6 ప్రమాణములు అమలునకు వచ్చి, క్రొత్త బండ్లలో కార్బురేటరు స్థానమును ఇంజెక్షను ఆక్రమింపగా, త్రిప్పుటకు మర లేక ఈ వర్గమువారు కొంతకాలము శోకమున మునిగిరి. పిమ్మట వైర్లను కనుగొనిరి. ఎదుటివాని కన్నులు పొడుచు ఎల్ఈడీ దీపములు, లారీకి తగిన హారను, వానికై తెంపి చుట్టిన తీగలు, ఫ్యూజు పోయినచో దాని స్థానమున సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము. ఫ్యూజు అనునది తాను చచ్చి తక్కినవానిని బ్రదికించుటకు పుట్టినదని చెప్పబోయినచో, “మాటిమాటికి చచ్చేది ఏంటికి పనికొస్తాది?” అని వారి ప్రశ్న.

హిందూపురమునకు చేరువనే లేపాక్షి యున్నది. అచ్యుతరాయల కాలమున పెనుకొండలో అధికారము నెరపిన విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయములో, నేలను సరిగా ఆనక వ్రేలాడుచున్నట్లుండు స్తంభము లోకప్రసిద్ధము. యాత్రికులు దాని క్రిందినుండి గుడ్డ లాగి చూచి ఆనందింతురు. ఆ స్తంభము రహస్యము కనుగొందునని బయలుదేరిన తెల్లదొర ఇంజనీరొకడు దానిని కదల్చి చూచెననియు, కదల్చగా అది ప్రక్కకు ఒరిగినదనియు, అప్పటినుండి ఒక మూల నేలను ఆనియే యున్నదనియు స్థానికులు చెప్పుదురు. కథ ఎంత నిజమో గాని, దొరయందు ఒక సుగుణమును ఒప్పుకొనవలెను: ఆతడు ఒక్కసారి చేసి మానినాడు. రెండవ మూలను గూడ ఆనించి ‘బ్యాలెన్సు’ చేయబోలేదు.

ఇంత మాత్రమున సొంతచేతి పనియంతయు నింద్యమని నా వాదము కాదు. బుల్లెట్టు, జావా, రాజ్‌దూత్ బండ్లు మాత్రమే యున్న దినములలో, పది క్రోసుల లోపల మెకానిక్కు లేని పల్లెదారులలో, అదనపు ప్లగ్గును, క్లచ్చి వైరును సంచిలో వేసికొనక బయలుదేరినవాడు మూర్ఖుడు. మనవారు ప్రమాణముగా చూపు న్యూజీలాండు వృద్ధుడు బర్ట్ మన్రో సంగతి నేనును ఎరుగుదును. 1920 నాటి ఇండియన్ స్కౌటు బండిని నలువది యేండ్లకు పైగా తన కొట్టములోనే చెక్కి, పిస్టన్లను తానే పోతపోసి, 1967లో అమెరికాలోని బాన్నెవిల్ ఉప్పుమైదానమున గంటకు 184 మైళ్ల వేగముతో తన తరగతిలో రికార్డు నెలకొల్పినవాడాతడు. అయితే మన్రో, తన చేతిలో పగిలిన భాగములను పారవేయక అలమరలో పేర్చి, అవి వేగదేవతకు సమర్పణములని వ్రాసి, వచ్చినవారికెల్ల చూపెను. మనవాడు మర పోయిన బోల్టును మంచము క్రిందికి తన్ని, మూడవనాటి రాత్రి చీకటి మాటున బండిని నెట్టుకొని మెకానిక్కు కడకు పోవును.

“ఏంటికన్నా నువ్వే ఇప్పితివి?”

“నేనేడ ఇప్పితి? అదే ఊడిపాయ.”

ఇంతటి శ్రమశీలి చేయని పనులు కొన్ని కలవు. చైనునకు నూనె వేయడు. అది దుమ్ముతో గట్టిపడి, సాగి, ప్రతి గుంటకును కవరును కొట్టుచుండగా, ఆ చప్పుడు క్రొత్త సైలెన్సరు మహిమచేత వినబడనందుకు సంతసించును. వాన మొగము చూడని ఈ ప్రాంతపు ఎర్రదుమ్ము నిండి ఇటుకవలె బిగిసిన ఎయిర్ ఫిల్టరును ఊది దులుపడు. ఇంజను ఆయిలు నల్లనై తారగుచున్నను మార్చడు. టైరులో గాలి చూపించుటకు బంకు కడ రెండు నిమిషములు నిలువడు. ఇవన్నియు ఆ కుంకుమ మరక పుస్తకములో, బొమ్మలతో సహా, చదువరాని వానికిని తెలియునట్లు ఉన్నవి. ఖర్చు స్వల్పము, ప్రమాదము శూన్యము. లోపమొక్కటే: చేసినట్లు వీధిలో ఎవరికిని కనబడదు.

కాని ఈతనికి తన విద్యపై గల నిజమైన నమ్మకమెంతో తెలిసికొన గోరువారు బండి అమ్మకము వరకు వేచియుండవలెను. బేరము కుదురు సూచన కనబడగానే అటకపైనుండి పాత సైలెన్సరు దిగును, బూజు తుడువబడును, శారీ గార్డు తన పూర్వస్థానమునకు చేరును, వెండి కాగితము పోయి ఫ్యూజు వచ్చును, దీపములు, హారను రాత్రికి రాత్రి మాయమగును. ఏండ్లు ధారపోసి కంపెనీవానిని మించి తాను సాధించిన యా అభివృద్ధియంతటికిని పై వెల అడుగవలసినవాడు, కొనవచ్చినవాని యెదుట గుండెపై చేయి వేసికొని, “సామీ, సింగిల్ హ్యాండు. ఇంజన్ ఇప్పలేదు. అంతా కంపెనీ ఫిట్టింగే” అని ప్రమాణము చేయును. కొన్నవాడు బండి చుట్టును రెండుమార్లు తిరిగి, డబ్బు లెక్కపెట్టి యిచ్చి, వీధి మలుపు తిరుగక మునుపే వెనుక కూర్చున్న మిత్రునితో, “బండి బాగుంది గాని, సైలెన్సర్ ఒకటి మార్చల్ల” అనును.