జూమ్ లేని వర్క్ ఫ్రమ్ హోం

మా మేనల్లుడికి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇకపై వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలట, దాని పేరు హైబ్రిడ్ అట. 2020 మార్చిలో కరోనా వచ్చి లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఊరు మేడిపల్లికి దిగినవాడు, నులక మంచం మీదే మాదాపూర్ వెలయించాడు. సిగ్నల్ కోసం డాబా ఎక్కితే దాన్ని ఆన్‌సైట్ అనేవాడు.

పక్కనే మా అక్క ఒళ్లో చేట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. వాడి బీటెక్ ఫీజు ఆ చేటలోంచే వచ్చింది.

"గిదేం కొత్త ముచ్చటరా కొడుకా? నేను ముప్పై ఏండ్ల సంది ఇంట్లనే పని జేస్తున్న. నాకు మీటింగుల్లేవు, వెయ్యి బీడీల లెక్కుంది" అన్నది.

నిజమే. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లది తరాల నాటి వర్క్ ఫ్రమ్ హోం. చాప, కత్తెర, నడుంనొప్పి అన్నీ సొంతవే.

సర్కారు ముహూర్తబలం చూడండి. కరీంనగర్ ఐటీ టవర్‌ను 2020 జులై 21న ప్రారంభించారు, ఐటీ ఆఫీసులు చాలావరకు ఖాళీగా ఉన్న వేళ! లాక్‌డౌన్‌లో ఆగిన హైదరాబాద్ మెట్రో, సిటీ బస్సులు సెప్టెంబరులో గానీ కదల్లేదు. అంతకు ముందే, 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత, సిటీ బస్సులు తగ్గాయి. ఆఫీసులు మళ్లీ తెరిచాక ట్రాఫిక్ జామ్ తిరిగొచ్చింది, బస్సులు మునుపటన్ని రాలేదు. ఎక్కేవాళ్లు లేరని బస్సు తీసేస్తారు, బస్సు లేదని ఎక్కేవాళ్లు తగ్గుతారు, తగ్గారు గనుక ఇంకో బస్సు తీసేస్తారు. ఈ లెక్క రాయడానికి మాత్రం ఆఫీసు ఏనాడూ ఖాళీ కాలేదు. నష్టాలని మెట్రో నడిపే ఎల్ అండ్ టీ చేతులెత్తేస్తే, 2025లో దాన్ని తీసుకోవడానికి రాష్ట్రమే ఒప్పుకుంది. మెట్రోకు కూడా ఇక వర్క్ ఫ్రమ్ సచివాలయం!

సోమవారం పొద్దున మేనల్లుడు మరో ముగ్గురితో కలిసి కారు మాట్లాడుకుని పోయాడు. అదే పొద్దున అక్క బీడీల మూటతో రోడ్డు మీద నిలబడింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఆమెకు జీరో టికెట్. వచ్చిన పల్లె వెలుగు బస్సులో కాలు పెట్టే చోటు కూడా జీరో. చెయ్యెత్తినా ఆగలేదు.

ఆఫీసు మంచం మీదికైనా మారుతుంది. ఆఫీసు ఊడ్చే మనిషి, గేటు దగ్గర కాపలా మనిషి, బీడీలు అప్పజెప్పే మనిషి మంచం మీంచి ఆ పని చెయ్యలేరు. అయ్యా అధికారులూ, బస్సుల లెక్క ఈసారి వాళ్లతో మొదలుపెట్టండి.